మా వీధి చెప్పిన అమ్మాయి

నా గురించి మా వీధి చెప్పిన మాటలన్నీ ఒక పెద్ద ఆఫీసులో నన్ను కూర్చోబెట్టి నాకే చదివి వినిపించారు. నేను నోట్లో నాలుక లేని పిల్లనట. కాలు గడప దాటదట. బొద్దింకను చూస్తే కెవ్వుమని మంచమెక్కుతానట. నా గొంతు ఎలా ఉంటుందో పక్కింటివాళ్ళకే సరిగ్గా తెలియదట. మొదట్లో ఇంకెవరి కాగితమో పొరపాటున నా ముందుకు వచ్చిందనుకున్నాను. మా ఇంటి నంబరు, వీధి పేరు చదివాక గానీ ఆ మహాతల్లి నేనేనని అర్థం కాలేదు.

చదువుతున్నావిడ కేంద్ర దర్యాప్తు సంస్థలో కొత్తవాళ్ళ ఎంపిక చూసే మేడమ్. తెల్లటి చొక్కా, పొట్టి జుట్టు, ఎదుటివాళ్ళు మాట్లాడేటప్పుడు రెప్ప వెయ్యని కళ్ళు. చదవడం ఆపి నావైపు చూసింది.

"ఈ అమ్మాయి మీరేనా?"

"కాదు మేడమ్," అన్నాను. "అంటే ఇల్లు మాదే. అమ్మాయి మాత్రం నేను కాదు."

ఆవిడ నవ్వలేదు. ఆ గదిలో నవ్వడం అలవాటున్న మనిషి ఎవరూ ఉన్నట్టు లేదు.

నేను ఆ గదిదాకా రావడం వెనక మా హెడ్డు మామయ్య ఉన్నాడు. అమ్మకు అన్న, హెడ్ కానిస్టేబుల్‌గా రిటైరయ్యాడు. కేంద్ర సంస్థవాళ్ళు వచ్చినప్పుడల్లా వాళ్ళ జీపు తలుపు తీసి పట్టుకుంటూనే సర్వీసంతా గడిపిన మనిషి. "అందులోకి పోవడానికి ఒకటే దారనుకుంటారు జనం," అనేవాడు. "చాలా ఉన్నాయి. మా పోలీసులో చేరి మంచి పేరు తెచ్చుకుని పోవచ్చు. నేను అటే పోదామని చూశా, పై ఆఫీసరు సంతకం పెట్టలేదు. లా చదివి పోవచ్చు. కంప్యూటర్లు బాగా వస్తే పోవచ్చు. నీలా పద్దులు చదివినవాళ్ళనైతే ఇప్పుడు కళ్ళకద్దుకుని తీసుకుంటున్నారు. దొంగలు గోడలు దూకడం మానేసి లెక్కల్లో దూరుతున్నారు కదా!"

ఆ మాట పట్టుకునే నేను మూడేళ్ళు కష్టపడ్డాను. రాతపరీక్ష అయింది. పరుగు పందెం లాంటి పరీక్ష అయింది. డాక్టర్లు పళ్ళ దగ్గర్నుంచి పాదాలదాకా తిప్పి చూశారు. పరుగు కోసం రోజూ పొద్దున్నే కాలేజీ గ్రౌండుకు పోయేదాన్ని. అమ్మ వీధిలో అందరికీ పాలకు పోయిందని చెప్పేది. అందుకని వచ్చేటప్పుడు, చెమటతో తడిసి ముద్దయి, చేతిలో పాలప్యాకెట్టు తప్పనిసరిగా పట్టుకుని రావాలి. పాల కోసం అంతంతసేపు పోయి అంతలా ఆయాసపడుతూ వచ్చేది లోకంలో నేనొక్కదాన్నే. వీధి చూసేది, నమ్మినట్టు తల ఊపేది. అదే నాకు ఒళ్ళు మంట.

ఇంటర్వ్యూలో ఒక ప్రశ్న అడిగారు. మీకు నష్టమని తెలిసి కూడా నిజం వైపు నిలబడిన సందర్భం ఏదైనా చెప్పండి, అని. నేను టైలరు సంగతి చెప్పాను.

మా పక్కవాటా టైలరుది. ముందు గదిలో కుట్టుమిషను, వెనక గదిలో కాపురం. అతని దగ్గర బట్ట కొలిచే చెక్క స్కేలు ఒకటి ఉంది. దానితో బట్ట కొలవడమే కాదు, పెళ్ళాన్నీ కొట్టేవాడు. ఆ చప్పుడు గోడవతల నుంచి స్పష్టంగా వినిపించేది. అది మొదలవగానే వీధిలో టీవీల చప్పుడు పెరిగేది. ఎదురింట్లో, పైవాటాలో, కిరాణా దుకాణంలో, ఒకరు చెప్పినట్టు అందరూ పెంచేవాళ్ళు. మా ఇంట్లో కూడా. ఒక మధ్యాహ్నం నాకు అన్నం సహించలేదు. లేచి వెళ్ళి తలుపు తన్నాను, స్కేలు లాక్కున్నాను, చొక్కా పట్టుకుని వీధి పొడవునా ఈడ్చుకుంటూ పోలీస్ స్టేషన్‌కు తీసుకుపోయాను. ప్రతి గుమ్మంలోనూ జనం ఉన్నారు. అందరూ చూశారు.

స్టేషన్‌లో ఏమైంది? ఏమీ కాలేదు. మొగుడూ పెళ్ళాల గొడవన్నారు, పెళ్ళాన్నీ పిలిపించి, ఇద్దరినీ కూర్చోబెట్టి టీ తాగించి పంపారు. ఒక్క ముక్క రాసుకోలేదు. ఆ స్కేలు దెబ్బకు అతని భార్య, మా టైలరక్క, కుడి చూపుడువేలు అప్పటినుంచీ వంగదు. వీధి మాత్రం దాన్ని తలుపు సందులో పెట్టుకుందని చెప్పుకుంటుంది. అతను నాకు భయపడి మళ్ళీ స్కేలు ఎత్తలేదు. అక్క కూడా మొగుడి ఎదుట నాతో మాట్లాడదు. కానీ నేను పరుగుకు పోతున్నానని తెలిసి, లోపల జేబు పెట్టిన ప్యాంటు ఒకటి కుట్టి అమ్మ చేతికిచ్చి పంపింది. ఆ వేలితో కత్తెర ఎలా పట్టుకుందో.

ఆ గొడవ తర్వాత నాకు చూసిన ఒక సంబంధం వీధి చివరిదాకా వచ్చి వెనక్కి తిరిగిపోయింది. అమ్మ ఇంటింటికీ వెళ్ళి చేతులు పట్టుకుంది. "రేపు ఎవరైనా వచ్చి అడిగితే అలాంటిదేం జరగలేదని చెప్పండి వదినా, మా పిల్ల నోట్లో వేలు పెట్టినా కొరకదని చెప్పండి అన్నయ్యా." అందరూ సరేనన్నారు. మా వీధికి మాట ఇస్తే నిలబెట్టుకునే సద్గుణం ఒకటుంది.

సంస్థ తరఫున నడవడిక విచారణకు వచ్చినాయన మామూలు బట్టల్లో వచ్చాడట. కళ్ళజోడు, చేతిలో సంచీ, మెత్తటి మాట. ముందే సంస్థ పేరు చెబితే జనం బెదిరిపోతారని ఆ పద్ధతి. కిరాణా దుకాణం ముందు నిలబడి, ఫలానా అమ్మాయి ఎలాంటిది, వేళకు ఇల్లు చేరుతుందా, కుటుంబం ఎలాంటిది అని అడిగాడట. మీరెవరంటే, ఒకచోట నుంచి పంపారు, ఎవరో చెప్పకూడదు అన్నాడట. ఇంకేం, మా వీధికి సర్వం అర్థమైపోయింది. పెళ్ళివారి మనిషి! చాన్నాళ్ళుగా దాచుకున్న మంచిమాటలన్నీ ఆయన సంచీలో కుమ్మరించారు.

మేడమ్ చదువుతున్నకొద్దీ నాకు విషయం బోధపడింది. ఉండబట్టలేక అన్నాను. "మేడమ్, మావాళ్ళు ఆయన్ని పెళ్ళి సంబంధం గురించి వాకబు చేసే మనిషి అనుకున్నారు. ఇవన్నీ పెళ్ళి మాటలు!"

"అయ్యుండొచ్చు," అంది ఆవిడ. "కానీ ఆయన గొడవ గురించి కూడా అడిగాడు. ఈ వీధిలో ఎవరైనా ఎవరినైనా స్టేషన్‌కు తీసుకెళ్ళారా అని. ఒక్కరు కూడా అవుననలేదు. ఆ టైలరు భార్యే తన వేలు తలుపు సందులో పడిందని చెప్పింది. స్టేషన్‌లో కాగితం లేదు. మీరు చెప్పిన కథకు మీరు తప్ప సాక్షి లేడు."

"కథ కాదు మేడమ్."

"రేపు ఒక కేసులో మీరొచ్చి నాకు ఏదో చెబుతారు. దాని మీద నేనొకరిని జైలుకు పంపాలి. అబద్ధమాడిన మనిషి ఈ సంస్థలో గుమాస్తాగా కూడా పనికిరాదు." ఆవిడ గొంతులో కోపం లేదు, అదే నాకు మరీ కష్టంగా తోచింది. "ఇంకోసారి విచారిస్తాం. ఎప్పుడో చెప్పం. ఈలోపు మీరు గానీ, మీ తరఫువాళ్ళు గానీ ఎవరికైనా చెప్పి సిద్ధం చేశారని తెలిస్తే ఈ తలుపు మీకు ఇంకెప్పుడూ తెరుచుకోదు. మీ అమ్మగారికి కూడా చెప్పకూడదు."

బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఇంటిదాకా నాలో నేనే పోట్లాడుకుంటూ వచ్చాను. పరీక్షలన్నీ నేను రాసి గెలిచాను. ఈ ఒక్కటీ వీధి రాసింది, నా పేరు మీద. వాళ్ళు నాకు చెడు చెయ్యాలని చెప్పి ఉంటే నాలుగు మాటలతో కడిగేసి ఊరుకునేదాన్ని. నా మేలు కోరి చెప్పారు! నాలో పనికొచ్చే ప్రతి ముక్కనూ తీసి పారేసి, మిగిలిన తొక్కను మంచిపిల్ల అని చూపించారు. ఎవరడిగారు వీళ్ళను? నేను పరిగెత్తడం తప్పా? తలుపు తన్నడం తప్పా? తప్పయితే ఆ తప్పే నా బతుకు, దాన్ని కొట్టేసే హక్కు వీళ్ళకు ఎవరిచ్చారు?

సాయంత్రం కుట్లు ఊడిన జాకెట్టు ఒకటి వెతికి పట్టుకుని టైలరు షాపు మెట్ల దగ్గరకు వెళ్ళాను. అక్క ఒక్కతే ఉంది, కాజాలు కుడుతోంది. అతను లోపల పడుకున్నట్టున్నాడు. ఒక్క మాట చాలు. అక్కా, ఆయన పెళ్ళివారి మనిషి కాదు, ఈసారి నిజం చెప్పు. నోటిదాకా వచ్చింది. అక్క తలెత్తి చూసింది.

"ఏంటమ్మాయ్?"

"ఏం లేదక్కా. రేపు తెస్తా," అని వెనక్కి తిరిగాను.

మా గుమ్మంలో హెడ్డు మామయ్య నిలబడి ఉన్నాడు. ఆయనకు ఆఫీసులో సంగతంతా ముందే చెప్పాను. జాకెట్టు వైపు చూశాడు, నా మొహం వైపు చూశాడు.

"చెప్పావా?"

"లేదు."

"బతికించావు. సాక్షి దగ్గరకెళ్ళి ఇలా చెప్పు అలా చెప్పు అనేవాళ్ళని పట్టుకోవడానికే కదే నువ్వు పోయేది! వాళ్ళలాగే నువ్వూ చేస్తే ఇంకెందుకు?"

"మరి వీళ్ళు మళ్ళీ అదే పాట పాడితే?"

మామయ్య చెప్పులు వేసుకుని వెళ్ళిపోయాడు. అమ్మ వంటింట్లోంచి, "ఏంటి గుసగుసలు?" అంది. ఏం లేదన్నాను. అమ్మకు నేను ఏదో గవర్నమెంటు పరీక్ష రాశానని తెలుసు, బల్ల దగ్గర కూర్చుని పద్దులు చూసే ఉద్యోగమని సంతోషంగా ఉంది.

కళ్ళజోడాయన వారం తిరక్కుండానే వచ్చాడు. నేను అప్పుడే గ్రౌండు నుంచి వచ్చి, పాలప్యాకెట్టుతో మా గుమ్మంలో నిలబడి ఉన్నాను. ఈసారి ఆయన నేరుగా కిరాణా దుకాణానికి వెళ్ళి జేబులోంచి కార్డు తీసి చూపించాడు. కేంద్ర దర్యాప్తు సంస్థ, అని పైకే చెప్పాడు. దుకాణం పెదనాన్న పప్పు తూస్తున్నవాడు తూస్తున్నట్టే ఆగిపోయాడు.

"ఆ అమ్మాయి గురించి ఇంకోసారి అడగాలి," అన్నాడాయన.

"ఏ అమ్మాయి సార్? అలాంటివాళ్ళు మా వీధిలో ఎవరూ లేరే!"

"మొన్న మీరే కదా, చీమకైనా అపకారం చెయ్యదని చెప్పారు?"

"ఓ, ఆ అమ్మాయా! వాళ్ళు ఇల్లు ఖాళీ చేసేశారు సార్. ఎటు పోయారో తెలీదు."

నేను ఆయనకు ఎదురుగా, పట్టపగలు, పాలప్యాకెట్టుతో నిలబడే ఉన్నాను. పైవాటా టీచరమ్మ పిట్టగోడ మీంచి వంగి, అడక్కుండానే అందుకుంది. "ఆ పిల్ల ఏ పాపం ఎరగదు సార్. ఆ రోజంతా నాతోనే ఉంది."

"ఏ రోజమ్మా?"

"మీరు అడిగే రోజే సార్!"

ఇంకో సందర్భంలో అయితే పొట్ట పట్టుకుని నవ్వేదాన్ని. ఆ పూట కళ్ళలో నీళ్ళు తిరిగాయి, కోపంతో. పెళ్ళివారనుకుంటే ఒక అబద్ధం, పోలీసులనుకుంటే ఇంకో అబద్ధం. నన్ను కాపాడటానికి వీళ్ళకు ఎన్ని అబద్ధాలైనా దొరుకుతాయి గానీ నిజం ఒక్కటి మాత్రం చేతికి రాదు! అరవాలనిపించింది. పళ్ళ బిగువున ఆపుకున్నాను. ప్యాకెట్టు నలిగి పాలు కారిపోయాయి.

ఆయన మా గుమ్మానికి వచ్చాడు. అమ్మ చేతులు తుడుచుకుంటూ బయటకు వచ్చి, కార్డు చూసి, తలుపు పట్టుకుంది.

"ఏం చేసిందండీ మా పిల్ల?"

"ఏం చెయ్యలేదమ్మా. మీ అమ్మాయి ఎలాంటిదో చెప్పండి చాలు. ఎప్పుడైనా ఎవరితోనైనా గొడవ పడిందా?"

అమ్మ చెయ్యి అలవాటు ప్రకారం నా మోచెయ్యి వెతుక్కుంది. ఇంటికి ఎవరొచ్చినా, నేను నోరు తెరిచేలోగా అమ్మ వేళ్ళు అక్కడ ఒకసారి గిల్లుతాయి. చిన్నప్పటినుంచీ అంతే. గిల్లి, "లేదండీ," అంది. "మా పిల్లకి గొడవంటేనే పడదు. నోట్లో నాలుకే లేదు."

ఆయన కలం మూత పెట్టాడు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "సరేనమ్మా. అయితే మీ అమ్మాయి మా ఉద్యోగం ఇంటర్వ్యూలో చెప్పినవన్నీ అబద్ధాలన్నమాట. అదే రాసుకుంటా."

"అబద్ధాలా?" అంది అమ్మ.

"అంతే కదమ్మా."

"మా పిల్లా? అబద్ధమా?" అమ్మ గొంతు పైకి లేచింది. ఆ గొంతు మా అమ్మకు ఉందని వీధికి తెలియదు, నాకు తెలుసు, నాకు ఎక్కడినుంచి వచ్చిందనుకున్నారు? "అబద్ధం ఆడటం వస్తే నాకీ తిప్పలెందుకండీ! పెళ్ళిచూపులకొచ్చినాయన కొడుక్కి ఆఫీసరు ఉద్యోగమంటే, మొన్న వేరే చెప్పారు కదా అని మొహం మీదే అడిగింది! ఇంటాయన కొళాయి కట్టేస్తే మున్సిపాలిటీకి పోయి మనిషిని తీసుకొచ్చింది! పాలకి పోతుందని చెప్తాను నేను, పాలు కాదండీ, మగాళ్ళతో సమానంగా పరుగులు! ఎవరు చెప్పినా వినదు, నోరు ముయ్యదు, ఎన్నిసార్లు గిల్లానో, దాని మోచెయ్యి చూడండి కావాలంటే!"

"కొంచెం నెమ్మదిగా చెప్పండమ్మా," అన్నాడాయన. మూత తీసి రాస్తున్నాడు.

"ఈ టైలరు పెళ్ళాన్ని చెక్క స్కేలుతో చావగొడుతుంటే వీధంతా టీవీలు పెంచుకుని కూర్చుంది. నేనూ పెంచాను. నా చేత్తో నేనే పెంచాను. ఇదొక్కతే అన్నం ముందునుంచి లేచిపోయి తలుపు తన్ని, వాణ్ణి చొక్కా పట్టుకుని ఈడ్చుకుపోయింది. అందరూ చూశారు. జరగలేదని చెప్పమని ఇంటింటికీ పోయి నేనే బతిమాలాను. అబద్ధమాడింది మేము. దాన్ని అబద్ధాలకోరంటే నేనూరుకోను!"

పక్కవాటాలో మిషను చప్పుడు ఆగిపోయింది. అమ్మకు అప్పుడు తెలిసింది తానేం మాట్లాడిందో. నోటి మీద చెయ్యి పెట్టుకుంది. "అయ్యో, ఇదంతా రాశారా? కొట్టెయ్యండి సార్. మంచిపిల్లని రాయండి. ఉద్యోగం పోతుందేమో!"

ఆయన కొట్టెయ్యలేదు. షాపు మెట్లు దిగి టైలరక్క వస్తోంది. మెడలో టేపు అలాగే ఉంది. ఆయన ముందు ఆగి కుడిచెయ్యి చాపింది. నాలుగు వేళ్ళూ ముడిచింది, చూపుడువేలు మాత్రం నిటారుగా నిలబడింది.

"తలుపు సందులో పడలేదండీ," అంది. "మొన్న మీకు తప్పు చెప్పాను. స్కేలుతోనే. ఈ అమ్మాయే వచ్చి ఆపింది."

"లోపలికి రా!" షాపులోంచి టైలరు గొంతు.

"వస్తా," అంది అక్క, వెనక్కి తిరక్కుండా. "చెప్పి వస్తా. రాసుకున్నారా సార్?"

నెల తిరిగాక మేడమ్ ఫోను చేసింది. ట్రైనింగుకు ఎప్పుడు రావాలో, ఏమేం తెచ్చుకోవాలో చెప్పింది. చివర్లో, "మీ అమ్మగారికి నమస్కారాలు చెప్పండి," అంది. అప్పుడు ఆవిడ నవ్విందనే నా అనుమానం.

నేను బయలుదేరే ముందురోజు సాయంత్రం, కబురు తెలిసి వీధిలో అందరూ కిరాణా దుకాణం ముందు పోగయ్యారు. మామయ్య అందరికీ టీ తెప్పించాడు. ఆయన మొహం చూస్తే ఆ జీపులో ఆయనే ఎక్కి కూర్చున్నట్టుంది. టీచరమ్మ నా తల నిమిరింది. దుకాణం పెదనాన్న గొంతు సవరించుకున్నాడు.

"మొత్తానికి మేం చెప్పిన నాలుగు మంచిమాటలూ బాగా పనిచేశాయి. ఇంత మంచి వీధి ఎవరికి దొరుకుతుందమ్మాయ్!"

అందరూ అవునన్నారు. నిజంగానే నమ్ముతున్నారు! ఒక్కరి ముఖంలోనైనా సిగ్గుంటే ఒట్టు. అక్క తన మెట్ల మీద నిలబడి ఉంది, టైలరు వెనక మిషను దగ్గరున్నాడు. రేపటినుంచి నేనుండను. ఆ ఆలోచన రాగానే నాకు సంతోషం ఎటుపోయిందో తెలియలేదు. నోరు తెరిచాను. అమ్మ నా పక్కనే ఉంది, అమ్మ చెయ్యి నా మోచేతి మీదే ఉంది. గిల్లుతుందని ఆగాను.

గిల్లలేదు. "చెప్పు," అంది.

"మీ మాటలవల్ల రాలేదు పెదనాన్నా," అన్నాను. "అమ్మా, అక్కా నిజం చెప్పారు కాబట్టి వచ్చింది. రేపు నేను వెళ్ళిపోతున్నాను. పక్కింట్లోంచి మళ్ళీ ఆ చప్పుడు వినపడితే టీవీలు కట్టెయ్యండి. కట్టేసి, లేచి వెళ్ళండి. అంతకంటే మీరు నాకు చెయ్యాల్సిన మేలు ఏమీ లేదు."

అందరి కప్పులు చేతుల్లోనే ఉండిపోయాయి. దుకాణంలో టీవీ ఒక్కటే ఏదో సీరియల్లో ఎవరో ఏడుస్తున్నట్టు పెద్దగా మోగుతోంది. అమ్మ లోపలికి వెళ్ళి, ఎవరినీ అడక్కుండా, దాన్ని కట్టేసింది.